మంగళవారం నాది, బుధవారం వాడిది

జూన్ 3, ఆదివారం

ఆస్పత్రి సైట్‌లో బుకింగు ఎనిమిదింటికి తెరుస్తారు. ఆదివారం మా లాండ్రీ మూసే ఉంటుంది, తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి తెల్లారగానే దేవుడికి దండం పెట్టుకుని వెళ్ళి కౌంటర్ మీది కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇంట్లో ఫోన్‌లో ఆ అక్షరాలు నా కళ్ళకు ఆనవు.

అక్కను చూడటానికి ఒక్కో ఇంటికి వారానికి రెండు గంటలకు మించి ఇవ్వరు, అవీ వార్డులో అందరూ పోటీపడి తీసుకునేవే. వార్డులో అంటురోగాల భయం. గంటకు ఒక్క మనిషే, అదీ సైట్‌లో పేరు ఎక్కించుకుని, గుర్తింపు కార్డు చూపిస్తేనే. శుక్రవారం ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. మాట్లాడటానికి తర్వాత ఏదో మిషను అలవాటు చేస్తారట గానీ అక్క గొంతు అక్కకు ఇక ఉండదు. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

పేరు సగం కొట్టానో లేదో, "మీ సెషన్ ముగిసింది. ఇదే ఖాతాతో మరొక చోట లాగిన్ అయ్యారు" అని వచ్చింది. ఆస్పత్రి వాళ్ళు మా ఇంటికంతటికీ ఒకే ఖాతా ఇచ్చారు. పాస్‌వర్డ్ ముగ్గురికే తెలుసు. అక్క ఇప్పుడు ఫోన్ పట్టుకునే స్థితిలో లేదు. అంటే అవతల ఉన్నది తమ్ముడు. నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. నేను వెళ్ళగానే వాడు బయటపడి ఉంటాడు. కాసేపటికి మళ్ళీ నన్ను తోసేసింది. ఇద్దరం ఒకే గుమ్మంలో ఒకరినొకరు నెట్టుకున్నట్టే అయింది. వాడికది తెలుసో లేదో.

మూడోసారి గబగబా నింపేసి సబ్మిట్ నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. కళ్ళు మూసుకుని "స్వామీ" అనుకున్నాను. తెరిచి చూస్తే ఇంకా తిరుగుతోంది. మళ్ళీ నొక్కాను.

ఫోన్‌కి రెండు మెసేజీలు వచ్చాయి. ఒకటి మంగళవారం పదకొండుకి. ఇంకొకటి బుధవారం పదకొండుకి. రెండూ నా పేరు మీదే. ఖాళీగా ఉన్న గంట అదే చూసి ఇచ్చేస్తుందట, మనల్ని అడగదు.

మెసేజీలోని నంబరు కొట్టి చూస్తేనే ఆ బుకింగు తెరుచుకుంటుంది, దాని కింద "రద్దు చేయండి" అని ఒక బటన్ కూడా ఉంది. చూశాను.

నేను ఒక గంటే అడిగాను. దేవుడు రెండిచ్చాడు. ఆయన చేత్తో ఇచ్చినదాన్ని వెనక్కి నెట్టడానికి నేనెవరిని? తమ్ముడికీ ఏదో దారి చూపిస్తాడు.

జూన్ 4, సోమవారం

తమ్ముడు ఫోన్ చేశాడు.

"చిన్నక్కా, ఏం సైటే అది! పేరు కొట్టేలోపే మెడ పట్టి బయటికి గెంటేస్తోంది. కిందా మీదా పడి మళ్ళీ లోపలికి వెళ్తే ఈ వారం ఖాళీలు లేవంటుంది. నా దగ్గర కారు నేర్చుకునేవాళ్ళే నయం. క్లచ్ ఏదో బ్రేక్ ఏదో తెలియకపోయినా కాస్త ముందుకన్నా పోతారు."

"అయ్యో" అన్నాను.

"నీకు దొరికిందా?"

"మంగళవారం దొరికింది."

అబద్ధం కాదు. మంగళవారం దొరికింది.

"పోన్లే, నీకైనా దొరికింది. నేను హెడ్ నర్సుని బతిమాలాను. సైట్‌లో పేరుంటే రండి, లేకపోతే లేదు అంది. మొహం మీద తలుపేసినంత పని చేసింది. పెద్దక్క నన్ను ఒక్కసారి వాయించాలే. గట్టిగా. శుక్రవారం దాటితే నన్ను తిట్టే గొంతెక్కడిది?"

నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అక్కా వాడూ మాట్లాడుకుని మూడేళ్ళవుతోంది. వాడి కూతురికి ఉద్యోగం వచ్చినప్పుడు విందు ఇచ్చాడు. ఆఫీసు పెద్దలంతా కూర్చున్నారు. అక్క ఎప్పటిలాగే మాట్లాడింది. బస్సు కండక్టరుగా వెనక డోరు దగ్గర నిలబడి "ముందుకి జరగండి" అంటే డ్రైవరు కూడా సీట్లో ముందుకి జరిగేవాడని చెప్పుకునేవాళ్ళు. అలాంటి గొంతు. వాడు వంగి, "అక్కా, కాస్త గొంతు తగ్గించు" అన్నాడు. అక్క చెయ్యి కడుక్కుని లేచి వచ్చేసింది. అప్పటినుంచీ నా దగ్గరే ఉంటోంది.

ఇప్పుడు పాస్‌వర్డ్ వాడికి చెప్పించింది కూడా అక్కే. "వాణ్ణి ఎదురుగా రమ్మను, ఫోన్‌లో కాదు" అంది. ఫోన్‌లో ఎలాగూ గాలి తప్ప ఏమీ వినబడటం లేదు.

వాడు వస్తే అక్క ఆవేశపడుతుంది. ఆపరేషన్ ముందు అది మంచిది కాదు. నేను వెళ్ళడమే మేలు.

జూన్ 5, మంగళవారం

అక్క మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు తనే దువ్వుకుంది. నన్ను దాటి తలుపు వైపు చూసింది.

"వాడేడే?" గొంతు కాదది, కాగితం చింపినట్టుంది.

"వాడికి దొరకలేదట అక్కా."

"దొరకలేదా, వెతకలేదా?"

దుప్పటి సర్దాను. అక్క నా చెయ్యి పక్కకి నెట్టేసి, "అది సరిగానే ఉంది. ప్రతిదీ సర్దుతావు" అంది. ఎక్కువ మాట్లాడించొద్దని నర్సు వచ్చి చెప్పి వెళ్ళింది.

మధ్యాహ్నం షాపుకి మేనకోడలు వచ్చింది, వాళ్ళ నాన్న చొక్కాల కోసం. వెబ్‌సైట్లు కట్టడమే దాని పని. దాన్ని కూర్చోబెట్టి, ఊరికే అడుగుతున్నట్టు అడిగాను. "ఏమే, సబ్మిట్ రెండుసార్లు నొక్కితే ఏమవుతుంది?"

"కట్టినవాడు తెలివైనవాడైతే ఏమీ అవదు. కాకపోతే పని రెండుసార్లు అవుతుంది. సర్వర్‌కి కళ్ళుండవు కదా చిన్నత్తా. ఒకే మనిషి గాభరాపడి మళ్ళీ నొక్కిందో, కావాలనే రెండోది అడిగిందో దానికి తెలియదు. మనం తెలిసేలా కట్టాలి."

"ఎలా?"

కౌంటర్ మీద ఉన్న చీటీల కట్ట తీసి నా ముందు ఊపింది. "ఇదిగో, ఇలాగే. ఫారం తెరవగానే దానికో చీటీ నంబరు పెట్టి పంపుతాం. నీకు కనబడదు. ఆ నంబరుతో మొదటిసారి వస్తే పని చేసి చీటీ చింపేస్తాం. అదే నంబరుతో మళ్ళీ వస్తే 'మీ బట్టలు ఇచ్చేశామండీ' అని పంపేస్తాం. ఒకే చీటీ చూపించి రెండుసార్లు బట్టలు అడిగితే నువ్వు ఇస్తావా?"

"ఇవ్వను."

"అంతే. నొక్కగానే బటన్ పనిచేయకుండా కూడా చేస్తాం. కానీ బటన్ని నమ్ముకోకూడదు, చీటీయే అసలు కాపలా."

"మరి బయటికి తోసేయడం?"

"అది సెషన్. లోపలికి రాగానే నీ చేతికి ఒక పట్టీ కడతాం అనుకో. పేజీ మారినప్పుడల్లా ఆ పట్టీ చూసి నువ్వేనని గుర్తుపడతాం. పెద్దత్త ఆస్పత్రి వాళ్ళు ఖాతాకి ఒక్క పట్టీయే ఇస్తున్నట్టున్నారు. రెండో మనిషి రాగానే మొదటి మనిషిది కత్తిరించేస్తారు. కదలకుండా కూర్చున్నా కత్తిరిస్తారు, మనిషి లేచి వెళ్ళిపోయాడనుకుని. నాన్న నన్ను ముట్టుకోనివ్వలేదు, తనే చేస్తానన్నాడు. పాపం ఆదివారమంతా దాంతో కుస్తీ పట్టాడు." చొక్కాలు సంచిలో పెట్టుకుంటూ అంది, "అలాంటి సైట్‌లో చీటీ కూడా పెట్టి ఉండరు. ఎవరి గంటని ఎవరు మింగేస్తున్నారో."

"అలా వచ్చినదాన్ని దేవుడి దయ అనుకుంటే?"

పకపకా నవ్వింది. "దేవుడి దయ కాదు చిన్నత్తా, టెస్టింగ్ చెయ్యనివాడి దయ!"

తర్వాత, "పాస్‌వర్డ్ చెప్పు, ఎవరైనా రద్దు చేసుకున్నారేమో చూస్తా" అంది. ఇంకెవరికీ చెప్పొద్దన్నారని అన్నాను. అలా ఎవరూ అనలేదు.

అది వెళ్ళాక లాగిన్ అయ్యాను. బుధవారం గంట రద్దు చేయడానికి ఈ రోజు ఆరింటిదాకా వీలుంది. రద్దు చేసి, తమ్ముడికి ఫోన్ చేసి, ఇప్పుడే పేరు ఎక్కించు అని చెప్పాలి. అంతే పని. పేజీ తెరిచి పెట్టాను. దేవుడికి ఒక మాట చెప్పుకుని చేద్దామని వెనక గదిలో ఇస్త్రీ బల్ల పక్కనున్న పటం ముందు కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి ఎక్కువసేపు కదలిక లేనందున మీ సెషన్ ముగిసిందని ఉంది. మళ్ళీ లాగిన్ అయ్యాను. ఆరు దాటిపోయింది. రద్దు బటన్ లేదు.

నేను చేద్దామనే అనుకున్నాను. దైవనిర్ణయం ఇంకోలా ఉంది.

జూన్ 6, బుధవారం

"మళ్ళీ నువ్వేనా?"

అదే అక్క మొదటి మాట.

"రెండోది ఎలాగో వచ్చింది అక్కా" అన్నాను. అక్క నన్ను చూస్తూ ఉండిపోయింది. టికెట్ లేనివాణ్ణి ఒక్క చూపుతో పట్టేసే మనిషి, ఇంట్లో నేను ఎక్కడ ఏం దాచినా నా మొహం చూసి చెప్పేసేది. ఈ రోజు ఏమీ అడగలేదు.

"తమ్ముడికి ఏమైనా చెప్పమంటావా?" అని అడిగాను.

"నీకా? వద్దు." ఊపిరి తీసుకుంది. "నీకు చెప్తే ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఇస్తావు. నా తిట్టు నలిగినట్టే వాడికి అందాలి. వాడొస్తే వాడికే చెప్తా."

మాకిచ్చే రెండు గంటలూ అయిపోయాయి, ఆపరేషన్ లోపు ఇక ఎవరూ రావడానికి లేదని అక్కకి తెలుసు. నాకూ తెలుసు.

మిగతా గంటంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడొద్దని డాక్టరు అన్నాడు కూడా. కిటికీ అద్దం మీద దుమ్ము చారలు చూస్తూ కూర్చున్నాను. దేని కోసం తెచ్చుకున్నాను ఈ గంటని?

జూన్ 7, గురువారం

తమ్ముడు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాడు. తీయలేదు. షాపులో రద్దీగా ఉంది.

రద్దీ లేదు.

జూన్ 8, శుక్రవారం

ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళే వరండాలో ఇంటివాళ్ళు నిలబడొచ్చు. తమ్ముడు నాకంటే ముందే వచ్చి గోడకి ఆనుకుని ఉన్నాడు. గెడ్డం గీసుకోలేదు. చొక్కా మాత్రం మా షాపు ఇస్త్రీదే, మడత గీతలు ఇంకా పోలేదు.

"తీసుకెళ్ళేటప్పుడు ఒక్క మాటన్నా అంటుంది కదక్కా? 'వచ్చావా వెధవా' అన్నా చాలు."

స్ట్రెచర్ వచ్చింది. అక్కకి అప్పటికే మత్తు సూది ఇచ్చేశారు. వాడు పక్కనే నడుస్తూ, "పెద్దక్కా, నేనే. పెద్దక్కా" అన్నాడు. కళ్ళు తెరవలేదు. తలుపుల దాకా వెళ్ళాడు. అవతలివాళ్ళు చెయ్యి అడ్డంపెట్టి ఆపేశారు.

తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని వాడే నాకు సర్దిచెప్పాడు. "నా తప్పేలే. పేజీ తెరిచి పెట్టుకుని కారులో పాఠం చెప్తూ కూర్చున్నాను. ఆదివారం నువ్వు కూడా అదే సమయానికి చేస్తుంటే నిన్ను కూడా నేనే గెంటేసి ఉంటాను. కోపం పెట్టుకోకు."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఓదారుస్తున్నాననుకున్నాడు.

జూన్ 9, శనివారం

అక్క క్షేమంగా ఉందట. దేవుడి దయ.

ఆ మాట రాయగానే మేనకోడలి నవ్వు వినిపించింది.

జూన్ 12, మంగళవారం

ఈ పుస్తకంలో రాసినవన్నీ ఈ రోజు మొదటినుంచి చదివాను. నన్నెవరూ చూడని చోట కూడా ఎంత మర్యాదగా రాసుకున్నాను!

మొదటిసారి నొక్కింది అక్క కోసం. రెండోసారి నొక్కింది కంగారులో. అంతవరకు ఎవరైనా చేస్తారు. చీటీ పెట్టనిది ఆ సైట్ కట్టినవాడు. కానీ మెసేజీలు రెండూ చదివి, రద్దు బటన్ చూసి, ఫోన్ పక్కన పెట్టింది కంప్యూటర్ కాదు.

మంగళవారం సాయంత్రం సంగతి. రోజూ నా ప్రార్థన ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఆరింటికి ఎంత టైముందో గోడ గడియారం చూసే వెనక గదిలోకి వెళ్ళాను. కదలకుండా కూర్చుంటే పట్టీ కత్తిరిస్తారని అప్పుడే కదా మేనకోడలు చెప్పి వెళ్ళింది. ఆ రోజు ఎప్పుడూ చదవనివి కూడా చదివాను. ఒకటి అయిపోతే ఇంకొకటి అందుకున్నాను. దేవుడి ఎదురుగా కూర్చుని ఆయన చేతే తలుపు మూయించాను.

అక్కని కాపాడటానికి కూడా కాదు. ఈ మూడేళ్ళూ నా వంట తింటూ, నా గదిలో పడుకుంటూ, అన్నం దగ్గర కూర్చున్న ప్రతిసారీ అక్క వాడి మాటే ఎత్తేది. వాడికి కొత్త కారు వచ్చిందట కదా, వాడి నడుంనొప్పి తగ్గిందట కదా. తిడుతూనే అడిగేది. నన్ను ఏనాడూ తిట్టలేదు. తిట్టేంత దగ్గర కాదేమో నేను. చివరి మాటలైనా నాకే మిగలాలనుకున్నాను.

హెడ్ నర్సు నన్ను చూస్తే నవ్వుతుంది. బుధవారం నా బదులు వాణ్ణి పంపండి అని నేను అడిగి ఉంటే ఒప్పుకునేదేమో. అడిగే పని పెట్టుకోలేదు.

జూన్ 14, గురువారం

చెప్పాను.

షాపులో కాదు, బయట వాడి కారులో. వాడు తన సీట్లో ఉన్నాడు, నేను నేర్చుకునేవాళ్ళ సీట్లో కూర్చున్నాను, స్టీరింగ్ ముందు. వాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకుంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్నే చూశాను. రెండుసార్లు నొక్కడం, రెండు మెసేజీలు, బటన్, ప్రార్థన, అన్నీ చెప్పాను. నా గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే వాడు కిటికీ అద్దాలు పైకెత్తాడు.

కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు.

"బుధవారం ఏమంది?"

"మళ్ళీ నువ్వేనా అంది."

"నా గురించి?"

"నీకు చెప్పాల్సింది నాకు చెప్పనంది. నేను మెత్తగా చేసేస్తానట. నీకే చెప్తానంది."

స్టీరింగ్ మీదున్న నా చేతుల వైపు చూస్తూ ఉన్నాడు. "ఎలా అంది? అన్నట్టే అను."

అన్నాను.

"అలా కాదు చిన్నక్కా. అది నీ గొంతు. పెద్దక్క అన్నట్టు అను."

గట్టిగా అనబోయాను. యాభై ఏళ్ళలో ఒక్కసారీ గట్టిగా మాట్లాడని గొంతు. కీచుమంది, మధ్యలో విరిగింది. రోడ్డు మీద పోతున్న ఒకాయన తిరిగి చూశాడు. తమ్ముడు మొహం అవతలికి తిప్పుకున్నాడు.

"దిగు. నాకు క్లాసుంది" అన్నాడు.

దిగాను. నేను షాపు మెట్లెక్కి లోపలికి వెళ్ళేదాకా కారు కదల్లేదు. క్లాసుకి ఎవరూ రాలేదు.

జూన్ 17, ఆదివారం

అక్కని మామూలు వార్డుకి మార్చారు. ఇక్కడ బుకింగు లేదు, సాయంత్రం ఎవరైనా వెళ్ళొచ్చు. అడ్డూ లేదు, ఆపూ లేదు.

నేను వెళ్ళేసరికి తమ్ముడు మంచం అవతలి వైపు కూర్చుని ఉన్నాడు. మెడకి కట్టు, దాని మధ్య గొట్టం. ఊపిరి అక్కడినుంచే వస్తోంది. అక్క నన్ను చూసి కుర్చీ చూపించింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను, వాడికి చెప్పినంతా. మెత్తగా చేయకుండా చెప్పడానికి ప్రయత్నించాను. రెండో గంట వాడిది అక్కా, నేను ఉంచేసుకున్నాను, కావాలనే ఉంచేసుకున్నాను అన్నాను.

అక్క కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి తెరిచి నన్ను చూసింది. కోపంగా లేదు. అలసిపోయినట్టుంది. నన్ను తిడుతుందేమోనని ఎదురు చూశాను. ఇప్పుడైనా.

మొహం తమ్ముడి వైపు తిప్పుకుంది.

వాడు దగ్గరగా వంగాడు. అక్క పెదాలు కదిలాయి, మొదట మెల్లగా, తర్వాత వేగంగా. శబ్దం లేదు. చేత్తో మంచం ఇనప కమ్మీని కొడుతోంది, ఒక్కో మాటకి ఒక్కో దెబ్బ. వాడి కళ్ళు ఆ పెదాల మీదే ఉన్నాయి. మధ్యలో "ఏంటి? మళ్ళీ అను" అన్నాడు. అక్క విసుగ్గా మళ్ళీ మొదలెట్టింది. వాడు ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతూనే మొహం అక్క భుజం మీద దాచుకున్నాడు. వాడి వీపు ఎగిరెగిరి పడింది. అక్క కమ్మీని కొట్టడం ఆపి వాడి నెత్తిన మొట్టికాయ వేసింది.

ఆ పెదాలని నేను కూడా మొదటినుంచి చూశాను. ఒక్క మాట కూడా నాకు అర్థం కాలేదు.

ఏమందిరా అని అడగడానికి నోటిదాకా వచ్చింది. తమ్ముడు తలెత్తి, తడి కళ్ళతో నన్ను చూసి నెమ్మదిగా అన్నాడు. "ఇది నాకు చెప్పింది చిన్నక్కా."

"అవున్రా" అన్నాను.

అక్క చూపించిన కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుని కూర్చున్నాను.